కుర్చీలోంచి లేవగలిగే శక్తి

డిమెన్షియా అనేది ఒకే జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, భాష, చోటు-వేళల ఎరుక, ఒక పని తర్వాత మరో పని వరస తప్పకుండా చేసుకుపోయే నేర్పు వంటి మెదడు సామర్థ్యాలు రోజువారీ జీవితం సాగనంతగా క్షీణించే స్థితికి అది ఉమ్మడి పేరు. దీనికి కారణమయ్యే జబ్బుల్లో అల్జీమర్స్ అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది, లూయీ బాడీలు అనే ప్రోటీన్ ముద్దలు నాడీకణాల్లో పేరుకుని వచ్చేది దాని తర్వాత చెప్పుకోదగినవి. ప్రపంచంలో ఐదున్నర కోట్ల మందికి పైగా డిమెన్షియాతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. యూరప్, ఉత్తర అమెరికా దేశాల్లో వీరిలో చాలామంది చివరి సంవత్సరాలను నర్సింగ్ హోమ్ అని పిలిచే దీర్ఘకాలిక సంరక్షణ గృహాల్లో గడుపుతారు. మన ఊళ్లలో ఆ పేరుతో నడిచే చిన్న ఆసుపత్రుల వంటివి కావు ఇవి. వచ్చినవారు నయమై ఇంటికి వెళ్లే చోటు కాక, ఉండిపోయే చోటు.

ఇటువంటి గృహాల్లో ఉన్న ఎనభై, తొంభై ఏళ్ల వృద్ధులకు వ్యాయామం చేయించడం వల్ల ప్రయోజనం ఉందా అనే ప్రశ్న మీద గత మూడు దశాబ్దాలకు పైగా గట్టి పరిశోధనలే జరిగాయి. వాటిలో ఎక్కువ భాగం ముందుగా వెతికింది జ్ఞాపకశక్తి మెరుగుపడుతుందా అని. పత్రికల్లో వచ్చే వార్తలూ, కుటుంబాలు పెట్టుకునే ఆశలూ కూడా దాని చుట్టూనే తిరిగాయి. అయితే వచ్చిన ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే లాభం కనబడేది మరో చోట: మనిషి తన కాళ్ల మీద తాను లేవగలగడం, నిలబడగలగడం, పట్టుకునే మనిషి సాయంతోనైనా మరుగుదొడ్డి దాకా నడవగలగడం. జ్ఞాపకంతో పోలిస్తే ఇది చిన్న విషయంగా తోచవచ్చు గాని, మంచానికి అతుక్కుపోయిన రోగినీ, భోజనాల గదికి నడిచి వచ్చే రోగినీ పక్కపక్కన చూసినవారెవరూ దీన్ని చిన్నదనరు.

సంరక్షణ గృహంలో కాళ్లు చచ్చుబడిపోవడానికి జబ్బు ఒక్కటే కారణం కాదన్న గుర్తింపు కొత్తది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా జీరియాట్రిక్ సెంటర్‌లో ఎలైన్ బ్రోడీ, ఆమె సహచరులు 1971లో ప్రచురించిన అధ్యయనం 'అదనపు వైకల్యం' అనే భావనను ముందుకు తెచ్చింది. మెదడుకు జరిగిన నష్టం వల్ల తప్పనిసరిగా రావలసిన వైకల్యం కంటే మనిషిలో కనిపించే వైకల్యం ఎక్కువగా ఉన్నప్పుడు, ఆ ఎక్కువైన భాగమే అదనపు వైకల్యం. దాన్ని కలిగించేది పరిసరాలు, అలవాట్లు, సంరక్షకులు చూపే అతిసాయం. అన్నం కలిపి నోట్లో పెట్టడం, చొక్కా తొడగడం, చక్రాల కుర్చీలో తోసుకెళ్లడం వంటి పనులు సిబ్బందికి సమయం మిగిలిస్తాయి, చూసేవారికి దయగా కూడా కనిపిస్తాయి. కాని వాడని కండరం ఎంత వేగంగా కరుగుతుందో తెలిస్తే ఆ దయ ఖరీదు అర్థమవుతుంది. 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ ప్రయోగంలో సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచినప్పుడు, వారి కాళ్ల నుంచి దాదాపు ఒక కిలో కండ పోయింది. వారు జబ్బుపడినవారు కారు, తొంభైల్లో ఉన్నవారూ కారు. అప్పటికే వయసుతో కండ తరిగి, పగలంతా కుర్చీలోనే గడిపే డిమెన్షియా రోగికి జ్వరమో, మూత్రనాళ ఇన్ఫెక్షనో వచ్చి ఒక వారం పడుకోవలసి వస్తే, ఆ తర్వాత తిరిగి లేవలేకపోవడాన్ని డిమెన్షియా ముదిరిందని రాసుకోవడం సులువు.

పోయిన కండ ఆ వయసులో తిరిగి రాదనే నమ్మకాన్ని బోస్టన్‌లోని వృద్ధుల పునరావాస కేంద్రంలో మరియా ఫియాటరోనీ బృందం చేసిన పని దెబ్బతీసింది. 1990లో వెలువడిన వారి మొదటి నివేదికలో పాల్గొన్నవారు పది మందే, సగటు వయసు తొంభై. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో దాదాపు ఎనభై శాతం బరువును కాలితో పైకెత్తే వ్యాయామాన్ని వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలపాటు వారు చేశారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, ఇద్దరు చేతికర్ర వదిలిపెట్టారు. పది మందితో చేసిన, పోల్చుకోవడానికి మరో బృందం లేని పని కాబట్టి దాన్ని నిరూపణ అనలేము. 1994లో అదే బృందం వంద మంది సంరక్షణ గృహవాసులతో, యాదృచ్ఛికంగా బృందాలు విడదీసి చేసిన పది వారాల ప్రయోగంలో వ్యాయామం చేసినవారి బలం 113 శాతం, చేయనివారి బలం 3 శాతం పెరిగింది. నడక వేగమూ, మెట్లెక్కే శక్తీ మెరుగుపడ్డాయి. వ్యాయామం లేకుండా పోషకాల పానీయం మాత్రమే ఇచ్చిన బృందంలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. నీరసంగా ఉన్న పెద్దవాళ్లకు ముందుగా డబ్బా పొడి కొనుక్కొచ్చే ఇళ్లలో ఈ చివరి ఫలితాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఆ ప్రయోగంలో తీవ్రమైన డిమెన్షియా ఉన్నవారిని చేర్చుకోలేదు. చెప్పిన మాట అర్థం కానివారితో, అర్థమైనా అర నిమిషంలో మరిచిపోయేవారితో బరువైన వ్యాయామం చేయించవచ్చా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. దానికి అందరికంటే ఓపికగా సమాధానం వెతికినవారు ఉత్తర స్వీడన్‌లోని ఊమియో విశ్వవిద్యాలయ పరిశోధకులు. అక్కడి ఫిజియోథెరపిస్టులు ఎరిక్ రోసెండాల్, హోకన్ లిట్‌బ్రాండ్, వారి సహచరులు రూపొందించిన వ్యాయామ సంపుటిలో నలభై దాకా కదలికలు ఉన్నాయి. వాటిలో యంత్రం అవసరమైనది ఒక్కటీ లేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చిన్న పీట ఎక్కి దిగడం, పక్కకు అడుగులు వేయడం, ఒక కాలి మీద బరువు మోపి రెండో కాలు జరపడం, వెనక్కి తిరిగి చూస్తూ నిలబడడం వంటి రోజూ చేసే పనులనే కష్టతరం చేసి వ్యాయామాలుగా మలిచారు. బలం కోసం చేసేదైతే ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చేసేసరికి కాళ్లు ఇక చేయలేమనేంత కష్టం ఉండాలి. పదమూడోసారి కూడా తేలిగ్గా చేయగలిగితే నడుముకు బరువున్న పట్టీ కడతారు, లేదా కుర్చీ ఎత్తు తగ్గిస్తారు. నిలకడ కోసం చేసేదైతే తూలిపడబోయే అంచుదాకా మనిషిని తీసుకెళ్లాలి, ఎందుకంటే హాయిగా నిలబడగలిగిన భంగిమలో నిలకడ నేర్చుకునేదేమీ ఉండదు. అలా తూలినప్పుడు పట్టుకోవడానికి వీలుగా నడుముకు పిడులున్న బెల్టు కట్టి, ఫిజియోథెరపిస్టు ఆ పిడి మీద చేయి వేసి వెనకే నిలబడతారు. గోడకానించిన కుర్చీల్లో కూర్చోబెట్టి చేతులూపించే కార్యక్రమాలకూ దీనికీ ఉన్న తేడా ఈ బెల్టులోనే ఉంది: పడే అవకాశాన్ని ఒప్పుకుని, దానికి ఏర్పాటు చేసుకున్నాకే అసలైన శిక్షణ మొదలవుతుంది.

ఈ పద్ధతిని ప్రత్యేకంగా డిమెన్షియా ఉన్నవారి మీద పరీక్షించిన ఊమియో ప్రయోగం ఫలితాలు 2016 నుంచి వరసగా వెలువడ్డాయి. పదహారు సంరక్షణ గృహాల్లోని 186 మంది, సగటు వయసు 85, నాలుగింట మూడు వంతులు స్త్రీలు, ముప్ఫై మార్కుల జ్ఞాపకశక్తి పరీక్షలో సగటున పదిహేను మార్కులు తెచ్చుకున్నవారు ఇందులో పాల్గొన్నారు. సగం మంది నాలుగు నెలల్లో నలభై సార్లు, విడతకు నలభై అయిదు నిమిషాలు వ్యాయామం చేశారు. మిగతా సగం మంది అదే లెక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, పాడుకోవడం, ఎవరైనా చదివి వినిపిస్తే వినడం వంటి కాలక్షేపాల్లో పాల్గొన్నారు. ఈ రెండో ఏర్పాటు ముఖ్యమైనది. ఏమీ చేయకుండా వదిలేసిన బృందంతో పోల్చితే, వచ్చిన లాభం కండరాల కష్టం వల్లనో, నలుగురితో కలిసి గడిపిన సమయం వల్లనో తేల్చడం కుదరదు. విడతల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు వ్యాయామ బృందం వారు హాజరయ్యారంటే, మరిచిపోయేవారు వ్యాయామానికి రారన్న వాదనకు అదే జవాబు.

నాలుగు నెలలు ముగిసేసరికి వ్యాయామ బృందంలో నిలకడ మెరుగుపడింది. 56 పాయింట్ల నిలకడ కొలమానంలో రెండు బృందాల మధ్య తేడా సుమారు నాలుగు పాయింట్లు. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం దిగడం వంటి సొంత పనుల్లో మొత్తం బృందానికి తేడా రాలేదు గాని, అల్జీమర్స్ కాక ఇతర రకాల డిమెన్షియా ఉన్నవారికి ప్రయోజనం కనబడింది. నడక వేగంలో తేడా వాకర్ వంటి ఆసరా లేకుండా నడిపించి కొలిచినప్పుడే బయటపడింది. జ్ఞాపకంలో, ఆలోచనా సామర్థ్యంలో తేడా లేదు. దిగులు విషయంలోనూ కాలక్షేప బృందం కంటే వ్యాయామ బృందం మెరుగేమీ కాదు. వ్యాయామం ఆపిన మూడు నెలలకు మొత్తం బృందంలోని నిలకడ లాభం కూడా కరిగిపోయింది. కాబట్టి నాలుగు నెలల కార్యక్రమం పెట్టి ఫొటోలు తీయించుకుని ముగించే గృహం తన నివాసులకు నాలుగు నెలల లాభమే ఇస్తుంది.

జ్ఞాపకం మీద ఇంత ఆశ ఎలా పుట్టిందో చూస్తే, అది నిరాధారమైనదేమీ కాదని ఒప్పుకోవాలి. 2011లో కిర్క్ ఎరిక్సన్ బృందం డిమెన్షియా లేని 120 మంది వృద్ధులతో చేసిన అధ్యయనంలో, ఏడాదిపాటు చురుకుగా నడిచినవారిలో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం సుమారు రెండు శాతం పెరిగింది. పరుగెత్తే ఎలుకల మెదడులో కొత్త నాడీకణాలు పుట్టడం అంతకుముందే తెలిసిన సంగతి. అయితే ఆరోగ్యంగా ఉన్న మెదడు వ్యాయామానికి స్పందించే తీరు, ఏళ్ల తరబడి కణాలు నశించిన మెదడుకు కూడా వర్తిస్తుందనుకోవడం ఒక ఊహ మాత్రమే. 2015లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష పదిహేడు ప్రయోగాలను, వెయ్యి మందికి పైగా రోగుల వివరాలను జల్లెడ పట్టి, ఆలోచనా సామర్థ్యానికి గాని, ప్రవర్తనకు గాని, దిగులుకు గాని వ్యాయామం మేలు చేస్తుందనడానికి ఆధారం లేదని, సొంత పనులు చేసుకునే శక్తికి మాత్రం మేలు చేయవచ్చని తేల్చింది. 2018లో బ్రిటన్ నుంచి వచ్చిన ప్రయోగం ఇంకా కటువైన ఫలితం చెప్పింది. ఇళ్లలో ఉంటున్న, డిమెన్షియా ఇంకా తీవ్రం కాని 494 మందిలో నాలుగు నెలలు గట్టి వ్యాయామం చేసినవారి శరీర దారుఢ్యం పెరిగింది. ఏడాది చివర ఆలోచనా పరీక్షలో మాత్రం వారు చేయనివారికంటే కొద్దిగా వెనకబడ్డారు. ఆ తేడా రోగి జీవితంలో తెలిసేంత పెద్దది కాకపోవచ్చునని పరిశోధకులే అన్నారు.

ఈ ఫలితం వచ్చినప్పుడు డిమెన్షియాకు వ్యాయామం పనిచేయదన్న తీరులో చర్చ సాగడం విచారకరం. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాడికి కళ్లద్దాలు ఇచ్చి దగ్గు తగ్గలేదని అద్దాలను తప్పుపట్టినట్టే ఉంది ఆ వాదన. కాళ్లకు ఇచ్చిన మందు కాళ్ల మీద పనిచేసింది. మెదడు మీద పనిచేస్తుందని ముందే మాట ఇచ్చినవారిది పొరపాటు.

సొంత పనుల విషయంలో కూడా సాక్ష్యం ఒకే దిక్కున లేదు. ఫ్రాన్స్‌లోని తులూజ్ పరిసరాల్లోని అయిదు గృహాల్లో ఇవ్ రోలాండ్ బృందం అల్జీమర్స్ ఉన్న 134 మందిలో ఒక బృందం చేత ఏడాదిపాటు, వారానికి రెండుసార్లు గంటసేపు నడక, బలం, నిలకడ వ్యాయామాలు చేయించగా, వారిలో సొంత పనుల శక్తి తరిగే వేగం మామూలు సంరక్షణలో ఉన్నవారికంటే మూడో వంతు తగ్గిందని 2007లో ప్రకటించారు. ఇక్కడ గమనించవలసింది క్షీణత ఆగలేదన్నది, నెమ్మదించిందంతే. పదేళ్ల తర్వాత అదే నగరం నుంచి వచ్చిన మరో చిన్న ప్రయోగంలో, వ్యాయామ బృందాన్ని సంగీతం, చేతిపనుల వంటి సామూహిక కాలక్షేపం చేసిన బృందంతో పోల్చగా సొంత పనుల్లో రెంటికీ తేడా రాలేదు. మొదటి ప్రయోగపు లాభంలో కొంత భాగం వ్యాయామానిది కాక, వారానికి రెండుసార్లు ఎవరో వచ్చి పేరుపెట్టి పలకరించి గది బయటికి తీసుకెళ్లడానిది అయి ఉండవచ్చు. పరిశోధకుడికి ఇది తలనొప్పి. గృహాన్ని నడిపేవారికి మాత్రం రెండూ కలిపి ఇవ్వమని చెప్పే సూచన.

మరిచిపోయే మనిషి వ్యాయామం ఎలా నేర్చుకుంటాడన్నది తరచుగా వచ్చే సందేహం. జ్ఞాపకం అంతా ఒకే కొట్లో ఉండదు. నిన్న ఎవరు వచ్చారు, మధ్యాహ్నం ఏం తిన్నారు వంటి సంఘటనల జ్ఞాపకం హిప్పోక్యాంపస్ మీద ఆధారపడుతుంది, అల్జీమర్స్ తొలినాళ్లలోనే దెబ్బతినేది అదే. సైకిలు తొక్కడం, పిండి కలపడం, చీర కుచ్చిళ్లు పెట్టడం వంటి చేతికి, కాలికి పట్టుబడిన పనుల జ్ఞాపకం మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే కణసమూహాల్లోనూ, వెనక ఉండే చిన్నమెదడులోనూ నడుస్తుంది. ఇది చాలాకాలం మిగిలి ఉంటుంది. కనుక వ్యాయామం చేసినట్టు గుర్తులేని మనిషి శరీరం ఆ వ్యాయామంలో మెరుగుపడుతూనే ఉండవచ్చు. 'ఇవాళ నేనేమీ చేయలేదమ్మా' అన్నవారు నిన్నటికంటే రెండుసార్లు ఎక్కువ లేచి కూర్చోవడం ఇటువంటి చోట వింతేమీ కాదు.

కుర్చీలోంచి లేవడాన్నే కొంచెం నిదానంగా చూస్తే నేర్పే పద్ధతి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. లేవాలంటే ముందు పాదాలు మోకాళ్ల కిందికి, ఇంకొంచెం వెనక్కి జరగాలి. ఆపైన మొండెం ముందుకు వాలి ముక్కు కాలివేళ్ల మీదికి రావాలి. అప్పుడు ఒంటి బరువు పిరుదుల నుంచి పాదాలకు మారుతుంది. చివరగా తొడల ముందు కండరాలూ పిరుదు కండరాలూ కలిసి మోకాళ్లను, తుంటిని నిటారు చేస్తాయి. డిమెన్షియా ఉన్నవారిలో చాలామందికి రెండో అంచె దగ్గర ఆటంకం వస్తుంది. ముందుకు వాలితే పడిపోతామన్న భయంతో వెనక్కి బిగుస్తారు. అప్పుడు సంరక్షకురాలు రెండు చేతులూ పట్టి లాగితే వారు ఇంకా వెనక్కి బిగుస్తారు, ఎందుకంటే లాగినకొద్దీ ఎదురు నిలవడం శరీర స్వభావం. పైగా డిమెన్షియా ముదిరినకొద్దీ, ఇతరులు కదిలించబోయిన అవయవం తన ప్రమేయం లేకుండానే బిగుసుకునే పారటోనియా అనే లక్షణం తోడవుతుంది. దీన్ని మొండితనమని విసుక్కునేవారు ఉన్నారు. ఎదురుగా ఒక బల్లో, మరో కుర్చీ వీపో ఉంచి దాని మీద చేతులు వేయమన్నప్పుడు, లేదా ఎదురుగా కూర్చున్న మనిషి తానే లేచి చూపించినప్పుడు, మాటలతో సాధ్యం కానిది తరచుగా సాధ్యమవుతుంది. 'కాళ్లు వెనక్కి పెట్టి, ముందుకు వంగి, గట్టిగా నొక్కి లేవండి' అన్న వాక్యంలో మూడు పనులున్నాయి. వినేసరికి మొదటిది పోతుంది. 'రండి, కాఫీ తాగుదాం' అన్న మాటలో ఒకటే పని ఉంది, దానికి కారణం కూడా ఉంది.

లేవడానికి నిరాకరించడం వెనక నొప్పి ఉండే అవకాశాన్ని కూడా మరవకూడదు. మోకాళ్ల అరుగుదల, పాత తుంటి ఎముక విరుపు, గోరుచుట్టు వంటివి ఉన్నా చెప్పలేని మనిషి దాన్ని కసురుకోవడంగానో, చేయి విదిలించడంగానో బయటపెడతాడు. నార్వేలోని పద్దెనిమిది గృహాల్లో, కలతతో అరుస్తూ తిరగబడే 352 మంది డిమెన్షియా రోగులతో చేసి 2011లో వెలువరించిన ప్రయోగంలో, నొప్పికి క్రమపద్ధతిలో మందు ఇచ్చిన బృందంలో ఆ కలత 17 శాతం తగ్గింది. మొండివాళ్లని పేరుపడ్డ వారిలో కొందరికి కావలసింది వ్యాయామ శిక్షకుడి కంటే ముందు నొప్పిమాత్ర.

నడక విషయంలో ఒక ఆసక్తికరమైన చిక్కు ఉంది. అదే ఊమియోలో లిలెమోర్ లుండిన్ ఊల్సన్ బృందం 1997లో లాన్సెట్ పత్రికలో ఒక పుట నివేదిక ప్రచురించింది. వృద్ధుల వసతి గృహాల్లో ఉంటున్న 58 మందిని నడిపిస్తూ పక్కనున్నవారు మాట కలిపారు; పన్నెండు మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ పన్నెండు మందిలో పది మంది పడిపోయారు. నడక మనకు తెలియకుండా సాగే పనిగా కనిపించినా, మెదడు బలహీనపడ్డాక దానికీ ధ్యాస కావాలి; మాటకు కొంత ధ్యాస పోతే కాళ్లకు చాలదు. దీన్నిబట్టి డిమెన్షియా రోగిని నడిపించేటప్పుడు మౌనంగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కాని 2000లో అమెరికాలో రూత్ టాపెన్ బృందం అల్జీమర్స్ ఉన్న 65 మంది గృహవాసులను మూడు బృందాలుగా చేసి, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున పదహారు వారాలు పరీక్షించినప్పుడు కదలిక సామర్థ్యం నడిచినవారిలో 20.9 శాతం, కూర్చుని మాట్లాడినవారిలో 18.8 శాతం తగ్గగా, మాట్లాడుతూ నడిచినవారిలో 2.5 శాతమే తగ్గింది. ఈ రెండింటికీ నిజానికి వైరుధ్యం లేదు. మొదటిది ఒక్క క్షణంలో ధ్యాస చీలడం గురించి. రెండోది పదహారు వారాలపాటు మనిషి నడవడానికి ఒప్పుకుంటూ ఉండడం గురించి. మాట తోడుగా ఉన్న బృందంలోనే ఎక్కువ విడతలు పూర్తయ్యాయి. అడుగు తీసి అడుగు వేసే కష్టమైన చోట, అంటే గడప దగ్గర, మలుపు దగ్గర, మాట ఆపి, తిన్నని వరండాలో మాట కలపడం తెలిసిన ఆయా ఈ రెండు పరిశోధనలనూ చదవకుండానే పాటిస్తూ ఉంటుంది.

పడిపోతారన్న భయమే వ్యాయామానికి పెద్ద అడ్డంకి, ఆ భయం పూర్తిగా అకారణం కాదు. డిమెన్షియా ఉన్న గృహవాసులు పడిపోవడం సాధారణం, తుంటి ఎముక విరిగితే చాలామంది తిరిగి మునుపటిలా నడవలేరు. ఊమియో ప్రయోగంలో వ్యాయామం పడిపోయే సంఖ్యను తగ్గించలేదు. లేచి తిరిగేవారు పడే అవకాశం ఎలాగూ ఉంటుంది. అయితే కూర్చోబెట్టి కట్టేయడం దానికి మందు కాదని అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 1980లలో గృహవాసులను నడుము పట్టీలతో కుర్చీలకు కట్టి ఉంచడం మామూలు వ్యవహారం. 1987లో వచ్చిన సంరక్షణ గృహాల సంస్కరణ చట్టం క్రమశిక్షణ కోసమో, సిబ్బంది సౌకర్యం కోసమో అలా కట్టడాన్ని నిషేధించింది. కట్టి ఉంచిన కాళ్లు ఇంకా బలహీనపడతాయి, పట్టీ విప్పిన రోజున ఆ మనిషి పడే అవకాశం ఇంకా ఎక్కువవుతుంది.

వ్యాయామానికి ప్రత్యేక గంట, ప్రత్యేక శిక్షకుడు దొరకని చోట ఏం చేయాలన్న ప్రశ్నకు కాలిఫోర్నియాలో జాన్ ష్నెల్ బృందం ఒక దారి వెతికింది. పగటిపూట రెండు గంటలకోసారి మరుగుదొడ్డికి తీసుకెళ్లడం ఎలాగూ ఉన్న పనే కాబట్టి, ఆ సందర్భంలోనే ఎనిమిదిసార్ల దాకా లేచి కూర్చునేలా చేయడం, కొంత దూరం నడిపించడం లేదా చక్రాల కుర్చీని వారి చేతులతో వారినే తోసుకోమనడం జతచేశారు. నివాసుల బలమూ ఓపికా పెరిగాయి, బట్టలు తడుపుకునే సందర్భాలు తగ్గాయి. కెనడాలో కూడా డిమెన్షియా ఉన్నవారి చేత సంరక్షణ సహాయకులే రోజులో పలుమార్లు లేచి కూర్చునే పని చేయించే పద్ధతిని పరీక్షించారు. ఇబ్బంది ఒక్కటే: ష్నెల్ పద్ధతికి చాలా గృహాల్లో ఉన్నంత సిబ్బంది చాలరు. మనిషిని లేపి కూర్చోబెట్టడం ఒక నిమిషం. అతనంతట అతను లేచేదాకా పక్కన నిలబడడం నాలుగు నిమిషాలు. ఆ మూడు నిమిషాల జీతం ఎవరిస్తారన్నది వైద్యశాస్త్రం తేల్చే విషయం కాదు.

జబ్బు చివరి దశలో, మనిషి నిలబడే శక్తి పూర్తిగా పోయాక, ఈ లెక్కలన్నీ మారతాయి. బిగుసుకుపోయిన మోచేతులను, మోకాళ్లను ఇతరులు చాపి ముడిచే వ్యాయామాన్ని చాలాచోట్ల అలవాటుగా చేయిస్తారు. పారటోనియా ఉన్న 101 మందితో నెదర్లాండ్స్‌లో జరిపిన ప్రయోగంలో దానివల్ల బిగువు తగ్గలేదని 2012లో తేలింది. ఆ దశలో ఒరిగి పడుకున్న తీరు సరిచేయడం, దిండ్లు సరైన చోట పెట్టడం, కదిలించే ముందు చేయి మీద చేయి వేసి ఊరుకోవడం వంటివే ఎక్కువ ఊరటనిస్తాయి.

భారతదేశంలో ఈ ప్రశ్నలు ఇప్పుడిప్పుడే ఎదురవుతున్నాయి. అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా కట్టింది. వీరిలో అత్యధికులను చూసుకుంటున్నది కుటుంబాలే. ప్రత్యేక సంరక్షణ గృహాలు బహు తక్కువ, ఉన్నవి ఎక్కువగా నగరాల్లో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఇళ్లలో, ఏజెన్సీ పంపిన అటెండరు పగలూ రాత్రీ ఉండి చూసుకోవడం మామూలైంది. నెల జీతం ఇచ్చి మనిషిని పెట్టుకున్నాక అమ్మ చేత పనేమిటన్న భావన కుటుంబానికి ఉంటుంది, పెద్దామె పడితే మాట పడాలన్న భయం అటెండరుకు ఉంటుంది. రెండూ కలిసి ఆమెను సోఫాకు పరిమితం చేస్తాయి. జీవితమంతా నేల మీద కూర్చుని కూరగాయలు తరిగి, ముగ్గువేసి లేచిన తరం ఇది. వారి తొడల్లో, తుంటిలో ఉన్న శక్తి స్వీడన్ ప్రయోగాల్లో వాడిన కుర్చీ కంటే చాలా కిందినుంచి లేచిన శక్తి. మోకాళ్ల కంటే కిందికి దిగిపోయే మెత్తని సోఫా ఆ శక్తిని వాడనివ్వదు, పెంచనివ్వదు. కూర్చున్నవారు వెనక్కి జారిపోయి, ముందుకు వాలే అవకాశమే లేక, ఎవరో లాగితేనే లేస్తారు. మోకాలి ఎత్తుకు రెండంగుళాలు పైన ఉండే, చేతులున్న చెక్క కుర్చీ, దాని ముందు పట్టుకోవడానికి కదలని బల్ల, కాళ్లకు జారని చెప్పులు ఉంటే ప్రతి కాఫీకీ, ప్రతి భోజనానికీ, ప్రతి స్నానానికీ వారంతట వారు లేవడానికి ఒక అవకాశం దొరుకుతుంది. రోజుకు పదిసార్లు అలా లేచినవారిని రాత్రివేళ మరుగుదొడ్డికి తీసుకెళ్లడం అటెండరుకు కూడా తేలికవుతుంది.